స్పైడర్ రిగ్గింగ్‌తో క్రాపీ వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

డల్లాస్, అట్లాంటా, ర్యాలీ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళలో చేపల వేట పిచ్చి ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. గట్టున కూర్చుని గాలం వేసినంత కాలం పెద్దగా ప్రశ్నలు రావు. బోటు ముందు వరసగా పొడవాటి రాడ్లు పరుచుకుని మెల్లగా సాగిపోయేవాళ్ళను ఒక్కసారి చూశారంటే ఇక సందేహాలు మొదలవుతాయి. అందరూ తిప్పి తిప్పి అడిగేవి అవే కాబట్టి ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

స్పైడర్ రిగ్గింగ్ అంటే అసలు ఏం చేస్తారు?

బోటు ముందు భాగంలో ఇద్దరు కూర్చుంటారు. వాళ్ళ ముందు హోల్డర్లలో 10 నుంచి 16 అడుగుల రాడ్లు విసనకర్ర ఆకారంలో పరుచుకుని ఉంటాయి. ఒక్కో రాడ్ నుంచి ఎర దాదాపు నిటారుగా నీళ్ళలోకి దిగుతుంది. ట్రోలింగ్ మోటారుతో (బోటును నెమ్మదిగా నడిపే చిన్న ఎలక్ట్రిక్ మోటారు), మనిషి నడక కంటే చాలా నెమ్మదిగా బోటును ముందుకు పోనిస్తారు. రాడ్లు సాలీడు కాళ్ళలా కనిపిస్తాయని ఆ పేరు. చూసేవాళ్ళకు రాడ్ల సంఖ్యే కనిపిస్తుంది కానీ అసలు పని అది కాదు. ఎర ఎంత లోతులో ఉంది, ఎంత వేగంతో కదులుతోంది అనే రెండూ మీ అదుపులో ఉండటమే ఈ పద్ధతి. అవి అదుపులో లేకపోతే ఎనిమిది రాడ్లు వేసినా లాభం లేదు.

క్రాపీ ఎలాంటి చేప? ఇండియాలో దొరుకుతుందా?

దొరకదు. ఇది ఉత్తర అమెరికా మంచినీటి చేప. చందువలా పక్కలకు పల్చగా, వెడల్పుగా ఉంటుంది. నోరు పెద్దది, పెదవుల చుట్టూ చర్మం మాత్రం కాగితంలా సున్నితం. ఇందులో రెండు రకాలు: తెల్ల క్రాపీకి ఒంటి మీద నిలువు చారలు, వీపు రెక్కకు 5 లేదా 6 ముళ్ళు ఉంటాయి. నల్ల క్రాపీకి చెదురుమదురు మచ్చలు, 7 లేదా 8 ముళ్ళు. ఒడ్డున అనుమానం వస్తే ముళ్ళు లెక్కపెట్టడమే నమ్మకం. మామూలుగా పడేవి 9 నుంచి 13 అంగుళాలు. ప్రపంచ రికార్డు తెల్ల క్రాపీ 1957లో మిసిసిపీలోని ఎనిడ్ డ్యామ్ దగ్గర పడింది, బరువు 5 పౌండ్ల 3 ఔన్సులు. నల్ల క్రాపీ రికార్డు 2018లో టెనెసీలో పడిన 5 పౌండ్ల 7 ఔన్సుల చేపది.

ఇన్ని రాడ్లు వేయడానికి చట్టం ఒప్పుకుంటుందా?

రాష్ట్రాన్ని బట్టి, ఒక్కోసారి చెరువును బట్టి మారుతుంది. మినెసోటాలో మంచు లేని నీళ్ళలో మనిషికి ఒక్క లైనే. మిషిగన్‌లో మూడు. కాలిఫోర్నియాలో రెండో రాడ్‌కు విడిగా డబ్బు కట్టాలి. టెక్సాస్ పెద్ద జలాశయాల్లో ఎనిమిది రాడ్లకు అడ్డు లేదు కానీ, ఊళ్ళలోని కమ్యూనిటీ ఫిషింగ్ లేక్స్‌లో రెండే. ఈ వేటకు పుట్టిల్లు లాంటి మిసిసిపీలో కూడా కొన్ని పేరున్న జలాశయాల మీద మనిషికి ఇన్నే అని పరిమితి పెట్టారు. ఈ నిబంధనలు ఏటా మారే అవకాశం ఉంది, కాబట్టి బయల్దేరే ముందు రోజు ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ యాప్‌లో చెరువు పేరు కొట్టి చూసుకోండి. అక్కడ రాసి ఉన్నదే లెక్క, పక్క బోటువాళ్ళు ఎన్ని వేశారన్నది కాదు.

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు. వాళ్ళకూ లైసెన్సు తీసుకోవాలా?

బోటులో కూర్చుని చూస్తే అక్కర్లేదు. రాడ్ చేతిలోకి తీసుకుంటే కావాలి. వయసు నిబంధన టెక్సాస్‌లో 17 ఏళ్ళ నుంచి, జార్జియా, నార్త్ కరోలినాల్లో 16 ఏళ్ళ నుంచి వర్తిస్తుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు నాన్ రెసిడెంట్ కింద వస్తారు. ఏడాది లైసెన్సు బదులు కొద్ది రోజులది తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది. టెక్సాస్‌లో జూన్ మొదటి శనివారం ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. నాన్నగారికి చిన్నప్పుడు చెరువులో గాలం వేసిన అలవాటు ఉంటే మాత్రం లైసెన్సు తీసి పెట్టండి. రాడ్ కొన వణకడం చూశాక ఆయన చేతులు కట్టుకుని కూర్చోరు.

లైవ్‌స్కోప్ వచ్చాక ఇది నేర్చుకోవడం దండగ కదా?

కాదు. 2018లో గార్మిన్ లైవ్‌స్కోప్ (నీళ్ళ కింది చేపలను అప్పటికప్పుడు తెర మీద చూపించే సోనార్) వచ్చాక క్రాపీ వేట చాలా మారిన మాట నిజమే. తెర మీద ఒక చేపను చూసి, దాని ముక్కు ముందే ఎర దింపొచ్చు. ఆ పరికరానికి పెట్టే డబ్బుతో స్పైడర్ రిగ్గింగ్ సామానంతా వచ్చేస్తుంది. పైగా చేపలు ఒకచోట గుంపుగా కాకుండా విశాలమైన నీళ్ళలో చెల్లాచెదురుగా ఉన్నప్పుడు, వెడల్పుగా రాడ్లు పరిచి నెమ్మదిగా జల్లెడ పట్టడమే మేలు. ఇంకో మాట కూడా చెప్పాలి. లైవ్‌స్కోప్‌తో వేటలో ఒకరు పడతారు, మిగతావాళ్ళు తెర చూస్తారు. ఇందులో ఇంట్లో అందరికీ చేతినిండా పని ఉంటుంది. నాకు ఇది ఎక్కువ ఇష్టం కావడానికి కారణం అదే.

నేర్చుకోవడానికి ఎలాంటి చోటు మంచిది?

నేల చదునుగా ఉండి, నీళ్ళ కింద చెట్ల మోళ్ళు తక్కువగా ఉండే చోటు. డల్లాస్ వాళ్ళకు లావన్, రే రాబర్ట్స్ లాంటి జలాశయాల్లో తెరిపిగా ఉన్న భాగాలు సరిపోతాయి. లేక్ ఫోర్క్ పేరు గొప్పదే కానీ, మునిగిపోయిన చెట్లు నిలువునా ఉన్న చోట ఎనిమిది రాడ్లతో తిరగడం కొత్తవాళ్ళకు నరకం. ర్యాలీ, కేరీ వాళ్ళకు జోర్డన్ లేక్ పక్కనే ఉంది. అట్లాంటా వాళ్ళు అలబామా సరిహద్దులోని వెస్ట్ పాయింట్‌కు గానీ, అలబామాలోని వైస్ లేక్‌కు గానీ వెళ్ళొచ్చు. ఈ విద్య పండిపోయిన చోటు చూడాలనుకుంటే మాత్రం మిసిసిపీలోని ఆర్కబట్లా, సార్డిస్, ఎనిడ్, గ్రెనాడా జలాశయాలు. నాలుగూ వరద నియంత్రణ కోసం ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ కట్టినవి. అక్కడ ఒక పూట గైడ్ పక్కన కూర్చుంటే పది వీడియోలు చూసినదాని కంటే ఎక్కువ తెలుస్తుంది.

## సామాను

ఎంత పొడవు రాడ్ కొనాలి? అన్నీ ఒకే సైజు ఉండాలా?

మొదటిసారి కొనేవాళ్ళకు 12 అడుగులవి నాలుగు చాలు. నీళ్ళు తేటగా, లోతు తక్కువగా ఉన్నచోట బోటు నీడకు చేపలు బెదురుతాయి, అలాంటిచోట 14, 16 అడుగులవి పనికొస్తాయి. పొడవు పెరిగేకొద్దీ చేపను దగ్గరికి తెచ్చుకోవడం కష్టం. అన్నీ ఒకే కంపెనీ, ఒకే పొడవు, ఒకే మెత్తదనం ఉన్నవి తీసుకోండి. అన్నీ ఒకలా వంగితేనే, వాటిలో ఒకటి తేడాగా వంగినప్పుడు కంటికి తెలుస్తుంది. కొన మెత్తగా ఉండాలి, మధ్య నుంచి కింద వరకు గట్టిగా ఉండాలి. రీలు ఖరీదైనది అక్కర్లేదు, ఇక్కడ విసిరే పని లేదు.

మామూలు రాడ్ హోల్డర్లు సరిపోతాయా?

ఒక్క రాడ్ హోల్డర్లు బోటు అంచుకు బిగించి నేర్చుకోవడం మొదలుపెట్టొచ్చు. ఎక్కువ రోజులు చేయాలంటే టీ ఆకారపు బార్ మీద నాలుగేసి హోల్డర్లు ఉండేవి కొనండి. చూడవలసింది రెండు విషయాలు: రాడ్ ఒంటి చేత్తో, పైకి ఎత్తితే చాలు బయటికి రావాలి. బిగించిన చోట కాస్త కూడా ఊగకూడదు. హోల్డర్ ఊగితే కొనలన్నీ ఊగుతాయి, చేప కొట్టిందో అల కొట్టిందో తెలియదు.

లైన్‌కి హుక్కులూ సీసమూ ఎలా కట్టాలి? ఎంతమందిని అడిగితే అన్ని రకాలు చెబుతున్నారు.

ఎక్కువమంది వాడేది రెండు హుక్కుల కట్టు. ప్రధాన లైన్ 8 లేదా 10 పౌండ్లది. దాని చివర మూడు కళ్ళ స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు ముక్క) కట్టండి. పక్క కన్నుకు ఆరేడు అంగుళాల ముక్క కట్టి దాని చివర ఒక హుక్కు. కింది కన్నుకు రెండు అడుగుల ముక్క, దాని చివర రెండో హుక్కు. ఈ రెండు అడుగుల మధ్యలో గుడ్డు ఆకారపు సీసం గుండు ఉంటుంది. లైన్‌ను గుండు రంధ్రంలోంచి ఒకసారి దూర్చి వదిలేయకుండా, చుట్టూ తిప్పి మళ్ళీ మళ్ళీ మూడు నాలుగు సార్లు దూర్చి లాగండి. అప్పుడు ముడి వేయకుండానే గుండు జారకుండా నిలబడుతుంది, కావాలంటే పైకీ కిందికీ జరుపుకోవచ్చు.

గుండు అర ఔన్సుతో మొదలుపెట్టండి. గాలి ఉన్నా, లోతు ఎక్కువున్నా ముప్పావు లేదా ఒక ఔన్సు. ఏది వాడినా అన్ని రాడ్లకూ ఒకే బరువు ఉండాలి. ఒకటి తేలిక, ఒకటి బరువు అయితే అవి వేర్వేరు కోణాల్లో వెనక్కి పోయి ఒకదానికొకటి చుట్టుకుంటాయి. హుక్కు సన్న తీగతో చేసిన అబర్డీన్ రకం, 2వ నంబరు నుంచి 1/0 వరకు. మోడుకు తగులుకున్నప్పుడు ఈ తీగ లైన్ తెగకముందే సాగిపోతుంది. పైకి తీసి పట్టకారుతో మళ్ళీ వంచుకోవడమే.

మిన్నోలు వాడాలా, జిగ్గులు వాడాలా?

చల్లటి నీళ్ళలో, చేపలు మందకొడిగా ఉన్న రోజుల్లో మిన్నోలు, అంటే ఎరగా వాడే బతికున్న చిన్న చేపలు. నీళ్ళు వెచ్చబడ్డాక జిగ్గులు (తల దగ్గర బరువున్న హుక్కుకు తొడిగే కృత్రిమ ఎరలు) కూడా అంతే బాగా పనిచేస్తాయి, సామాను కూడా తక్కువ. పై హుక్కుకు జిగ్గు, కింది హుక్కుకు మిన్నో పెట్టి రోజు మొదలుపెడితే వాటి ఇష్టం గంటలో తెలిసిపోతుంది. మిన్నోను పెదవుల దగ్గర కింది నుంచి పైకి గుచ్చండి. వీపుకు గుచ్చితే బోటు కదిలినప్పుడు అడ్డంగా ఈడ్చుకొస్తుంది, చూడ్డానికే అసహజంగా ఉంటుంది. నీళ్ళు మట్టిరంగులో ఉంటే ముదురు రంగు జిగ్గులు, చార్‌ట్రూస్ (మెరిసే పసుపుపచ్చ) కలిసినవి. తేటగా ఉంటే తెలుపు, వెండి రంగు.

మిన్నోలు గంటలోనే చచ్చిపోతున్నాయి. ఏం చేయాలి?

మూడు కారణాలే ఉంటాయి: కుళాయి నీళ్ళలో క్లోరిన్, వేడి, గాలి అందకపోవడం. మిన్నోలు కొన్న షాపు నీళ్ళే వాడండి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిరేటర్ పెట్టండి. ఐసును నేరుగా వేయకుండా మూత బిగించిన సీసాలో గడ్డకట్టించి వేయండి. డబ్బా మీద ఎండ పడకుండా తడి తువ్వాలు కప్పితే చాలా తేడా ఉంటుంది.

సొంత బోటు లేదు. పాంటూన్ గానీ కయాక్ గానీ పనికొస్తుందా?

పాంటూన్ (గొట్టాల మీద తేలే చదునైన బోటు) చాలా బాగా పనికొస్తుంది. ముందు రెయిలింగ్ వెడల్పుగా ఉంటుంది, హోల్డర్లు బిగించుకోవచ్చు, పిల్లలూ పెద్దలూ కూర్చోవడానికి చోటు ఉంటుంది. అద్దెకు తీసుకుంటే మాత్రం ట్రోలింగ్ మోటారు ఉందో లేదో ముందే అడగండి. పెద్ద ఇంజన్‌తో ఇంత నెమ్మదిగా పోవడం కుదరదు. కయాక్ మీద రెండు రాడ్లకు మించి వద్దు.

పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళండి, లైఫ్ జాకెట్ వేసి. టెక్సాస్‌లో చిన్న బోట్ల మీద 13 ఏళ్ళలోపు వాళ్ళకు బోటు కదులుతున్నంతసేపూ అది తప్పనిసరి. ట్రోలింగ్ మోటారు మీద నెమ్మదిగా పోతున్నా కదులుతున్నట్టే. ఫిబ్రవరి, మార్చి నీళ్ళు చాలా చల్లగా ఉంటాయి కాబట్టి పెద్దవాళ్ళూ వేసుకోవాలి. ఈత వచ్చు అన్న ధైర్యం ఆ చలిలో పనిచేయదు.

## నీటి మీద

మొదటి రోజే ఎనిమిది రాడ్లు వేయొచ్చా?

వద్దు. మనిషికి రెండు చొప్పున వేయండి. రెండు రాడ్లతో లోతు, వేగం పట్టుబడ్డాక మూడోది, నాలుగోది కలపండి. ఎనిమిది రాడ్లతో మొదలుపెట్టినవాళ్ళు ఆ రోజంతా చిక్కులు విప్పుకుంటూ గడిపి, సామాను గరాజ్‌లో పడేస్తారు. పద్ధతి మీద విరక్తి పుట్టేది అక్కడే. రెండు రాడ్లకు చేప పడే చోటు దొరికిందంటే, మిగతావి కలిపిన రోజున సంఖ్య దానంతటదే పెరుగుతుంది.

ఎర ఎంత లోతులో ఉందో ఎలా తెలుస్తుంది?

రాడ్ పొడవే కొలబద్ద. 12 అడుగుల రాడ్ పట్టుకుని, సీసం గుండు రీలు దగ్గరికి వచ్చేంత లైన్ వదిలితే, కొన నుంచి గుండు వరకు సుమారు 11 అడుగులు. కొన నీటికి అడుగు ఎత్తులో ఉంటే గుండు 10 అడుగుల లోతులో ఉన్నట్టు. ఇంకా దించాలంటే రీలుకూ మొదటి రింగుకూ మధ్య లైన్‌ను చేత్తో పట్టి లాగండి. ఒక్కో లాగుడుకు ఎంత వస్తుందో ఇంట్లోనే టేపుతో కొలిచి పెట్టుకోండి, ఇక మూరలు లెక్కపెట్టినట్టే.

ఈ లెక్క లైన్ నిటారుగా ఉన్నప్పుడే నిజం. బోటు వేగానికి లైన్ వెనక్కి వాలితే ఎర పైకి తేలుతుంది. 15 అడుగుల లైన్ 45 డిగ్రీలు వాలిందంటే ఎర పదిన్నర అడుగుల్లోనే ఉంది. చేపలు 14 అడుగుల్లో ఉంటే మూడున్నర అడుగుల పైనుంచి మీ ఎర సాగిపోతోందన్నమాట. అందుకే తెర మీద వేగం కంటే లైన్ వాలు ఎక్కువ చూడాలి. కాస్త వాలినా పర్వాలేదు, మరీ వాలితే వేగం తగ్గించండి, కుదరకపోతే గుండు బరువు పెంచండి.

ఎంత వేగంతో పోవాలి?

ముందు నుంచి నిటారుగా ఎర దింపి తోసుకుంటూ పోయేటప్పుడు గంటకు 0.3 నుంచి 0.8 మైళ్ళు. చల్లటి నీళ్ళలో ఇంకా తక్కువ, ఒక్కోసారి దాదాపు నిలబడి. కొందరు తేలికైన జిగ్గులను బోటు వెనక దూరంగా వదిలి లాగుతారు, దానికి మైలు చుట్టుపక్కల వేగం కావాలి. క్రాంక్‌బైట్లు (లాగితే ఊగుతూ లోతుకు దిగే చేప ఆకారపు ఎరలు) లాగేవాళ్ళు ఒకటిన్నర, రెండు మైళ్ళ దాకా వెళతారు. జీపీఎస్ చూపించేది నేల మీది వేగం. గాలికి నీళ్ళు కదులుతున్నప్పుడు ఒక దిక్కున 0.5తో చేపలు పడి, వెనక్కి తిరిగి అదే 0.5తో వస్తే ఒక్కటీ పడకపోవచ్చు. నీటి లెక్కలో ఆ రెండు వేగాలూ ఒకటి కావు. లైన్ల వాలు రెండు దిక్కులా ఒకేలా ఉండేట్టు మోటారు సర్దుకోండి.

ఏ కాలంలో ఏ లోతు?

నీటి ఉష్ణోగ్రత చూడండి, క్యాలెండర్ కాదు. నీళ్ళు 50 ఫారన్‌హీట్ దాటి 60 వైపు వెళ్తున్నప్పుడు గుడ్లు పెట్టే ముందు చేపలు లోతు నుంచి గట్టు వైపు బయల్దేరి, దారిలో అంచుల దగ్గర ఆగుతాయి. దక్షిణాది రాష్ట్రాల్లో ఫిబ్రవరి, మార్చి అదే. స్పైడర్ రిగ్గింగ్‌కు ఏడాదిలో దీన్ని మించిన కాలం లేదు. 8 నుంచి 15 అడుగుల మధ్య వెతకండి. నీళ్ళు 60 దాటాక అవి లోతు తక్కువ చోట్లకు వెళ్ళి గుడ్లు పెడతాయి, అక్కడికి ఇన్ని రాడ్లతో వెళ్ళడం కష్టం, ఒక్క రాడ్ మేలు.

ఎండాకాలంలో మళ్ళీ మంచి వేట ఉంటుంది. కానీ ఒక లోతు దాటాక నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు దాని కింద ఉండవు. సోనార్ (శబ్ద తరంగాలతో నీళ్ళ కింద ఉన్నవి చూపించే పరికరం) సెన్సిటివిటీ పెంచితే ఆ గీత మసకగా కనిపిస్తుంది. ఎరలన్నీ దానికి పైనే ఉంచండి. శరదృతువులో షాడ్ అనే చిన్న చేపల గుంపులు వాగుల వైపు కదులుతాయి, క్రాపీలు వాటి వెంట పోతాయి.

చేపలు 14 అడుగుల్లో కనిపిస్తే ఎర కూడా 14 అడుగుల్లోనే పెట్టాలా?

ఒకటి రెండు అడుగులు పైన పెట్టండి. క్రాపీ కళ్ళు తల మీద పైకి ఉంటాయి. అది పైకి చూసి, పైకి వచ్చి తింటుంది. తన కిందుగా పోయే ఎరను చాలాసార్లు పట్టించుకోదు.

గాలి లేస్తే బోటు ఆగడం లేదు. ఎలా?

గాలికి ఎదురుగా పోండి. అప్పుడు మోటారుకు పట్టు ఉంటుంది. గాలి వెనక నుంచి తోస్తే వేగం మీ చేతిలో ఉండదు. తప్పక గాలివాలుగా పోవాల్సి వస్తే వెనక డ్రిఫ్ట్ సాక్ (నీళ్ళలో తెరుచుకుని బోటును నెమ్మది చేసే గుడ్డ సంచి) కట్టండి. నేల శుభ్రంగా ఉన్నచోట కొందరు ఇనప గొలుసు ఈడుస్తారు. అసలు ఇబ్బంది వేగం కాదు, బోటు ముందు భాగం ఎగిరిపడటం. అది అడుగు ఎగిరితే ఎరలన్నీ అడుగు ఎగురుతాయి. అలలు అంతగా ఉన్నప్పుడు గాలి మరుగున్న వాగులోకి వెళ్ళిపోవడమే మంచిది.

మోళ్ళకు తగులుకుంటే రాడ్ విరిగిపోతుందేమోనని టెన్షన్.

తగులుకున్న వెంటనే మోటారు ఆపి, వెనక్కి వెళ్ళండి. తగులుకున్న చోటికి నిట్టనిలువుగా పైకి వచ్చాక మెల్లగా ఎత్తితే చాలావరకు వచ్చేస్తుంది. రాకపోతే రాడ్‌తో లాగకుండా లైన్‌ను చేతికి గుడ్డ చుట్టుకుని నేరుగా లాగండి. మిసిసిపీ జలాశయాల్లో వరద నీళ్ళకు చోటు కోసం చలికాలానికి ముందే నీటిమట్టం దించుతారు. వేసవిలో 15 అడుగుల కింద ఉన్న మోళ్ళు అప్పుడు చాలా దగ్గరికి వస్తాయి.

మలుపు తిప్పిన ప్రతిసారీ లైన్లు చిక్కుపడుతున్నాయి.

మలుపు పెద్దగా తీసుకోండి. బోటు చటుక్కున తిరిగితే లోపలి వైపు ఎరలు ఆగిపోతాయి, బయటి వైపువి పరుగెడతాయి. మలుపులో బయటి రాడ్లకే చేపలు పడుతుంటే వేగం కాస్త పెంచమని అర్థం, లోపలి వాటికి పడుతుంటే తగ్గించమని.

## చేప కొట్టినప్పుడు

రాడ్ కొన కిందికి వంగాల్సింది పోయి పైకి లేస్తోంది. అది చేపేనా?

చేపే. కొత్తవాళ్ళు పోగొట్టుకునేవి ఎక్కువ ఇవే. సీసం బరువుకు కొన ఎప్పుడూ కాస్త వంగి ఉంటుంది. క్రాపీ కింది నుంచి వచ్చి ఎర నోట్లో పెట్టుకుని అలాగే పైకి ఈదితే ఆ బరువు తగ్గిపోతుంది, కొన నిటారు అవుతుంది, లైన్ వదులవుతుంది. అలా కనిపించిన క్షణమే రాడ్ ఎత్తండి. కొనలన్నీ నీటికి ఒకే ఎత్తులో ఉండేట్టు పొద్దున్నే సర్దుకుంటే, వరసలో ఒకటి రెండు అంగుళాలు పైకి లేచినా కంట పడుతుంది. కూర్చున్నవాళ్ళిద్దరూ ఎవరి నాలుగు కొనలు వాళ్ళు చూసుకోవాలి. ఫోన్ జేబులోంచి తీయకూడదు.

నీటి పైదాకా వచ్చి జారిపోతున్నాయి.

లాగుడు ఎక్కువై ఉంటుంది. దాని నోటి చర్మం చిరిగి రంధ్రం పెద్దదవుతుంది, హుక్కు ఊడిపోతుంది. కొట్టగానే గుంజకండి, హోల్డర్ నుంచి పైకి ఎత్తడమే చాలు. ఆ ఎత్తడంలోనే హుక్కు దిగుతుంది. తర్వాత లైన్ వదులు కానివ్వకుండా ఒకే వేగంతో రీలు తిప్పండి. నీటి పైకి వచ్చాక గాలిలోకి ఎగరేయకుండా, పక్కవాళ్ళు పొడుగు పిడి వలతో కింది నుంచి అందుకోవాలి. రీలు డ్రాగ్ (చేప లాగితే లైన్ ఎంత తేలిగ్గా వదలాలో సర్దే బిగింపు) కూడా చూడండి, మరీ బిగించి ఉంటే వదులు చేయండి.

ఒక్క రాడ్‌కే మళ్ళీ మళ్ళీ పడుతోంది. అదృష్టమా?

రెండోసారి పడగానే ఆ రాడ్ లోతు చూడండి. పొద్దున రాడ్లను రెండేసి అడుగుల తేడాతో వేర్వేరు లోతుల్లో పెట్టేది ఇందుకే. మూడోసారి కూడా దానికే పడితే మిగతావాటిలో సగం ఆ లోతుకు మార్చండి. అన్నీ మార్చేయకండి, ఎండ ఎక్కాక చేపలు కిందికి దిగితే ఆ సంగతి చెప్పేది మిగిలిన సగమే. లోతు ఒక్కటే అయినా ఒకే రాడ్‌కు పడుతుంటే ఎర రంగు, హుక్కు, బోటుకు ఎంత దూరంలో ఉంది అన్నవి చూడండి. చివరి రాడ్‌కే పడుతుంటే చేపలు బోటుకు జడుస్తున్నాయని అర్థం.

ఒకేసారి మూడు రాడ్లు వంగితే ఏది ముందు తీయాలి?

మధ్యలో ఉన్నది ముందు తీయండి. మధ్య చేప అటూ ఇటూ ఈదితే రెండు పక్కల లైన్లనూ చుట్టేస్తుంది. మిగతా రెండూ హోల్డర్‌లోనే ఉంటాయి, మెత్తటి కొన వాటి బరువును మోస్తుంది. బోటు వేగం మాత్రం ఆపకండి. ఆగితే సీసం గుండ్లు కిందికి దిగిపోయి నేలకు తగులుతాయి. చేప పడ్డ చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టడం ఒకరి పని అని ముందే అనుకోండి. ఆ హడావుడిలో మర్చిపోయేది అదే.

## ఇంటికి తెచ్చేటప్పుడు

ఎంత సైజు ఉంటే ఉంచుకోవచ్చు?

టెక్సాస్‌లో మామూలుగా 10 అంగుళాలు, రోజుకు మనిషికి 25. నోరు మూసి, తోక రెండు కొనలనూ దగ్గరికి నొక్కి కొలవాలి. మిసిసిపీలోని ఆర్కబట్లా, సార్డిస్, ఎనిడ్, గ్రెనాడాల్లో 12 అంగుళాలు. టెక్సాస్ లేక్ ఫోర్క్‌లో డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు ప్రత్యేక నిబంధన ఉంది: పడిన ప్రతి క్రాపీనీ, చిన్నదైనా సరే, ఉంచుకోవాలి. చలికాలంలో అవి చాలా లోతులో ఉంటాయి. అక్కడి నుంచి పైకి లాగితే ఒత్తిడి తేడాకు లోపలి గాలి తిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా బతకవు. ఆ కాలంలో 25 పూర్తికాగానే గాలాలు ఎత్తేయండి. పెద్దవాటి కోసం ఇంకా పడుతూ వదులుతూ పోతే చంపుకుంటూ పోతున్నట్టే.

బోటులోనే శుభ్రం చేసుకోవచ్చా?

వద్దు. సైజు కొలవడానికి వీలుగా తల, తోక ఉండాలి, టెక్సాస్‌లో అది చట్టం. పట్టిన వెంటనే ఐసులో పెట్టండి. రోజంతా వేడి నీళ్ళలో ఈడ్చి, సాయంత్రం చచ్చాక తీస్తే మాంసం మెత్తబడిపోతుంది.

పులుసు పెడితే ముక్కలు విడిపోతున్నాయి. క్రాపీ పులుసుకు పనికిరాదా?

పనికొస్తుంది. బొచ్చె, రవ్వ చేపల్లా గట్టి మాంసం కాదు, అంతే తేడా. ఫిల్లే చేయకండి, అంటే ముల్లు తీసి పలచటి ముక్కలుగా కోయకండి. పొలుసు గీకి, చర్మం ముల్లు ఉంచి, అడ్డంగా రెండే ముక్కలు కోయండి. ఉప్పు, పసుపు పట్టించి అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే కాస్త బిగుసుకుంటాయి. చింతపండు పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక ముక్కలు వేసి, సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు చాలు. గరిటె పెట్టొద్దు, గిన్నె చెవులు పట్టి తిప్పండి. ఫిల్లే చేసిన ముక్కలు వేపుడుకు వాడండి. బియ్యప్పిండి, కారం పట్టించి వేయిస్తే పిల్లలు ముల్లు భయం లేకుండా తింటారు.

మిగిలిన మిన్నోలు చెరువులో వదిలేయొచ్చా? బోటులో నీళ్ళ సంగతేంటి?

వదలకండి. ఒక చోటి చేపను ఇంకో చోట వదలడం వల్ల అక్కడ లేని జాతులు, జబ్బులు వస్తాయి. చెత్తబుట్టలో వేయండి. టెక్సాస్‌లో ర్యాంపు దాటి రోడ్డెక్కే ముందే లైవ్‌వెల్ (పట్టిన చేపలను బతికించి ఉంచే తొట్టి), బోటు అడుగు భాగం, ఎర డబ్బా, అన్నిట్లోంచీ నీళ్ళు వంపేయాలి. జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప పిల్లలు కంటికి కనిపించకుండా ఆ నీళ్ళలోనే ఇంకో జలాశయానికి ప్రయాణిస్తాయి. బోటు అడుగున నీళ్ళు పోయే రంధ్రానికి ఉండే ప్లగ్గు తీసి ట్రెయిలర్ మీద బోటును ఏటవాలుగా నిలబెట్టండి, చుక్క పడటం ఆగాక బయల్దేరండి. ప్లగ్గును మాత్రం కారు తాళాలకు తగిలించుకోండి, మళ్ళీ వారం బోటు దించేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.